తేదీ లేని ‘తర్వాత’

పోయిన నెల చీటీ నేను పాడుకున్నాను. 20 మందిమి, నెలకు 3,000. పాటలో వదులుకున్నది పోగా 52,000 చేతికి వచ్చింది. రాత్రి భోజనాలయ్యాక ఆ డబ్బు బీరువాలో పెట్టబోతుంటే, "ఏం చేద్దాం వీటిని?" అని మా ఆయన అడిగారు. ఇంట్లో ప్రతి ఒక్కరి దగ్గరా జవాబు సిద్ధంగా ఉంది. మా వాడికి ఇంటర్ రెండో ఏడు ఫీజు. మా ఆయనకు బండి టైర్లు. అత్తమ్మకు మిద్దె మీద పగిలిన నీళ్ల ట్యాంకు. అన్నీ న్యాయమైనవే. అందరూ చెప్పాక, "నాకు స్పీకర్లు కావాలి" అన్నాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా వాడు నవ్వాడు. అత్తమ్మ మాత్రం నిజంగానే ఆశ్చర్యపోయి, "పాటలకు దుడ్లు పెడ్తారా యమ్మా? ఫోన్లో ఊరికే వస్తాయి గదా!" అంది.

అప్పుడు నాకు జవాబు తోచలేదు. నెల రోజులుగా పొయ్యి దగ్గర, కుట్టుమిషన్ దగ్గర ఆలోచిస్తూనే ఉన్నాను. అది స్పీకర్ల గురించి మాత్రమే కాదనిపించి మీతో పంచుకుంటున్నాను.

ఈ కోరికకు రెండేళ్లు నిండాయి. బెంగుళూరులో మా పిన్ని కొడుకు ఇంట్లో గృహప్రవేశానికి వెళ్లినప్పుడు పట్టుకుంది. వాడి గదిలో గోడకు కాస్త ఎడంగా, స్టాండ్ల మీద రెండు చిన్న చెక్క పెట్టెలు. "అక్కా, నువ్వు పాటలు బాగా వింటావు కదా, కూర్చో" అని ఘంటసాల పాట ఒకటి పెట్టాడు. ఆ పాట నేను వెయ్యిసార్లు విన్నాననుకునేదాన్ని. ఆ రోజే తెలిసింది, సగమే విన్నానని. చరణం ఎత్తుకునే ముందు ఆయన ఊపిరి తీసుకున్నది వినిపించింది. తబలా మీద దెబ్బ పడటమే కాదు, ఆ మోత మెల్లగా ఆరిపోవడం కూడా వినిపించింది. ఆ రోజుల్లో సినిమా పాటలు ఎక్కువగా మోనోలోనే రికార్డు చేసేవారట. అందుకే రెండు పెట్టెలున్నా గొంతు సరిగ్గా నడిమధ్య నుంచి, ఎదురుగా నిలబడి పాడుతున్నట్టు వస్తుందని వాడు చెప్పాడు. ఆ తర్వాత 1989 నాటి ‘గీతాంజలి’ పాటలు పెట్టాడు. అప్పటికి స్టీరియో వచ్చేసింది. వయొలిన్లు ఒక పక్క, గిటారు ఒక పక్క, బాలు గొంతు మధ్యలో. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. వంట పొగ అని చెప్పడానికి అక్కడ పొయ్యి కూడా లేదు.

ఆ కన్నీళ్లు మా నాయనవి అనుకుంటాను.

మాది ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ చేనేత సహకార సంఘం పెట్టాక ఎన్నో ఇళ్లు ఆ నూలు మీదే బతికాయి. మాదీ అలాంటి ఇల్లే. ఇంటి ముందుగదిలో గుంట మగ్గం, గూట్లో రేడియో. అమ్మా నేనూ కండెలు చుట్టేవాళ్లం. పొద్దున లేచింది మొదలు ఇంట్లో రెండే చప్పుళ్లు: రేడియో పాట, దాని మీద మగ్గం టకటక. నాయన ఏ పాటా మగ్గం చప్పుడు లేకుండా వినలేదు. ఒక్కోసారి మాత్రం తనకు ఇష్టమైన చరణం వచ్చేసరికి నాడె పట్టుకుని ఆగిపోయేవాడు. చరణం అయిపోగానే మళ్లీ టకటక. నేసినంతకే కూలి. ఆగినంతసేపు కూలి లేదు. అమ్మ ఏమీ అనేది కాదు గానీ తలెత్తి చూసేది. ఆ చూపు ఇప్పుడు నాకు అర్థమవుతోంది. నెల బడ్జెట్ రాసేటప్పుడు నేనూ అలాగే చూస్తాను.

నాయనకు టేప్‌రికార్డర్ కొనుక్కోవాలని ఉండేది. నీలకంఠేశ్వరస్వామి జాతర వచ్చిన ప్రతి ఏడూ క్యాసెట్ల అంగడి ముందు మమ్మల్ని నిలబెట్టి, ఏయే పాటలున్నాయో చదివించుకుని, "వచ్చే జాతరకు కొందాంలే" అని బొరుగులూ బెండ్లూ కొనిచ్చి ఇంటికి తీసుకొచ్చేవాడు. అక్క పెళ్లి, నా పెళ్లి, తమ్ముడి చదువు. వచ్చే జాతర రాలేదు. నేను కుట్టుపని మొదలుపెట్టి నాలుగు రూపాయలు చూశాక, పాత పాటలన్నీ ఎక్కించి ఉన్న చిన్న పెట్టె ఒకటి కొనుక్కుని వెళ్లాను. అప్పటికి నాయనకు చెముడు బాగా ముదిరింది. పెట్టె ఒళ్లో పెట్టుకుని, "బాగుందమ్మా, చానా బాగా పాడ్తా ఉంది" అన్నాడు. నేనింకా పాట పెట్టనేలేదు.

అందుకని అత్తమ్మ అడిగిన ప్రశ్నకు మొదటి జవాబు ఇది. పాట ఊరికే వస్తుంది, చెవులు ఊరికే ఉండవు. వయసు మీద పడేకొద్దీ మొదట పోయేవి సన్నని ధ్వనులే. తాళాల గలగల, వేణువు చివర గాలి, మాటల్లో ‘స’, ‘ష’ తేడా. నాకు 44 ఏళ్లు. ఇంట్లో అన్ని అవసరాలూ తీరాక కొందామనుకుంటే, స్పీకర్లు వచ్చేసరికి నేనూ పాట పెట్టకముందే "బాగుంది" అనే పరిస్థితిలో ఉంటాను.

అలాగని బీరువాలో ఉన్న డబ్బంతా పట్టుకుని అంగడికి పరిగెత్తమని నేను అనను. ఇది చదివే మీలో చాలామంది నాలాంటివాళ్లే. మా ఆయన జిన్నింగు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తారు. ఆదోనిలో చాలా ఇళ్ల సంగతి మీకు తెలిసిందే, దసరా నుంచి పత్తి బండ్లు యార్డుకు వస్తుంటే ఇంట్లోనూ కళ ఉంటుంది. సీజను అయిపోయాక చేతులు కట్టుకుని కూర్చోవాలి. వాన ఎగ్గొట్టిన ఏడు సీజనే ఉండదు. పడమటి పల్లెల్లో ఇళ్లకు తాళాలు వేసి మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వెళ్లేవాళ్లను చూస్తూ, మాకు స్పీకర్లు లేవే అని ఏడవడం నాకే సిగ్గుగా ఉంటుంది. కోరిక తప్పు కాదు. కానీ అది ఎవరి నోటి దగ్గరి ముద్దనూ లాక్కోకూడదు.

కాబట్టి ముందు లెక్క చూశాను. బెంగుళూరులో విన్నలాంటి స్పీకర్ల జత 38,000. అవి ఒట్టి స్పీకర్లు, వాటంతట అవి పలకవు. యాంప్లిఫయర్ వేరే కొనాలి, అది 17,000. మొత్తం 55,000. చీటీ మొత్తం పోసినా ఇంకా 3,000 తక్కువ. ఈ లెక్క చూసిన రోజు నాకు అన్నం సహించలేదు.

తర్వాత మా ఆయన్ని తీసుకుని ఒక పెద్ద అంగడికి వెళ్లాను. అడిగింది నేను. అంగట్లో అబ్బాయి జవాబు చెప్పింది మాత్రం ఆయనకు. "సార్, ఇది మూడు వేల వాట్లు సార్" అని ఎర్రలైట్లు వెలిగే పెట్టె ఒకటి చూపించాడు. అక్కాచెల్లెళ్లారా, ఈ మాట దగ్గర జాగ్రత్త. పెట్టె మీద పి.ఎం.పి.ఓ. అని రాసి ఉండే వేల వాట్లు, క్షణంలో వెయ్యో వంతు సేపు వస్తుందో రాదో తెలియని అంకె. అడగాల్సింది ఆర్.ఎం.ఎస్. వాట్లు. ఆ మాట అడగగానే మూడు వేలు కాస్తా నలభై అయ్యాయి. అసలు మన ఇళ్లలో, మామూలు గదిలో, పక్కింటివాళ్లు తలుపు కొట్టకుండా వినడానికి ఒకటి రెండు వాట్లు చాలు. ఇంకో అంకె కూడా చూడాలి, స్పీకరు ఎంత తేలిగ్గా పలుకుతుందో చెప్పే డెసిబెల్స్. 86 అని ఉన్నదాన్ని 89 అని ఉన్నదానంత గట్టిగా పలికించాలంటే యాంప్లిఫయర్ రెండింతలు పని చేయాలి. అంటే తేలిగ్గా పలికే స్పీకరు ఎంచుకుంటే చిన్న యాంప్లిఫయర్‌తో సరిపెట్టుకోవచ్చు. కందిపప్పు కొనేటప్పుడు ఎంతసేపట్లో ఉడుకుతుందో అడుగుతాం కదా, అలాంటిదే ఇదీ.

ఆ అబ్బాయి ఊరుకోలేదు. "సున్నా వడ్డీ మేడమ్, నెలకు ఇంతే" అన్నాడు, ఈసారి నా వైపు తిరిగి. వాయిదాల మాట వచ్చినప్పుడే ఆడవాళ్లు కనిపిస్తారు కాబోలు. సున్నా వడ్డీ అనేదే లేదని, ఆ పేరుతో వడ్డీని ఫీజుల్లో దాచవద్దని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జి.ఎస్.టి., రొక్కానికి ఇచ్చే తగ్గింపు మనకు ఇవ్వకపోవడం, ఇవన్నీ కూడితే సున్నా ఎక్కడుందో కనిపిస్తుంది. అంతకంటే పెద్ద సంగతి, వాయిదాకు వాన పడిందో లేదో తెలియదు. జూన్‌లో ఫ్యాక్టరీ మూతపడి ఉన్నా ఐదో తేదీకి అది తలుపు కొడుతుంది. అప్పు కట్టాలన్న బెంగతో పాట వింటే చెవికి పాట ఎక్కుతుందా? రొక్కం లేకపోతే స్పీకర్లు వద్దు. ఈ విషయంలో నాది గట్టి మాట.

ఇంటికొచ్చాక ఇంకో పని చేశాను, దీనికి పైసా ఖర్చు లేదు. మా హాలు పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. కింద నల్లరాతి బండలు, చుట్టూ సున్నం గోడలు. చప్పట్లు కొడితే తిరిగి చప్పట్లు వినిపిస్తాయి. ఇలాంటి గదిలో లక్ష రూపాయల స్పీకరైనా గోలగోలగానే పలుకుతుంది. ఒకప్పుడు ఆదోని నూలు జంపఖానాలకు పేరున్న ఊరు. అత్తమ్మ పెళ్లినాటి జంపఖానా ఒకటి ట్రంకుపెట్టెలో పదేళ్లుగా నిద్రపోతోంది. దాన్ని దులిపి పరిచాను. కిటికీకి పాత దుప్పటి వేలాడదీశాను. మా వాడి దగ్గరున్న బ్లూటూత్ స్పీకర్ని షోకేసు మూలలోంచి తీసి, గోడకు అడుగున్నర ఎడంగా, కూర్చుంటే చెవి ఎత్తుకు వచ్చేలా స్టూలు మీద పెట్టాను. మూలలో ఉన్నప్పుడు బుంబుంమన్న మోత సగం పోయింది. మాట తేటగా వినిపించింది. ఎవరూ అడగకుండానే అత్తమ్మ వచ్చి జంపఖానా మీద కూర్చుంది. "ఇప్పుడు బాగుంది" అంది.

దీంతో ఇంకో సంగతి కూడా తేలింది. మా గదికి 55,000 సరంజామా అనవసరం. దానికి తగ్గ చిన్న జత, చిన్న యాంప్లిఫయర్, బాగున్న పాతవి దొరికితే 24,000లో వస్తాయి. నేను రెండేళ్లుగా కోరుకుంటున్నది బెంగుళూరు గదిని. నాకు కావాల్సింది ఆదోని గదికి సరిపోయేది.

ఇక డబ్బు కంటే కష్టమైన లెక్క సమయానిది. ఎప్పుడు వింటాను? పొద్దున ఉగ్గాని తిరగమోతలోనా, రాత్రి అంట్ల దగ్గరా? అప్పుడైతే ఫోను చాలు, అత్తమ్మ అన్నది నిజమే. మంచి స్పీకర్లకు ఎదురుగా కూర్చునే మనిషి కావాలి. రోజుకు అరగంట ఖాళీగా, చేతిలో చిక్కుడుకాయలు కూడా లేకుండా కూర్చోగలనా? పెళ్లయిన 22 ఏళ్లలో అలా కూర్చున్న గుర్తు లేదు. అందుకని స్పీకర్ల కంటే ముందు ఆ అరగంట కొనుక్కోవడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం రెండు నుంచి రెండున్నర. మొదటి వారం ముళ్ల మీద కూర్చున్నట్టుంది. ఎవరైనా వచ్చి చూస్తే ఏమనుకుంటారోనని ఒళ్లో జాకెట్టు గుడ్డ పెట్టుకునేదాన్ని. మూడో వారానికి గుడ్డ తీసేశాను. ఏదైనా కొనాలనుకునేవాళ్లు, వీణ గానీ, పెయింటింగ్ సామాను గానీ, పుస్తకాలు గానీ, ముందు ఈ అరగంట దొరుకుతుందో లేదో చూసుకోండి. దొరక్కపోతే కొన్న వస్తువు మీద రెండు నెలల్లో ఉతికిన బట్టలు కుప్పపడతాయి.

ఇవన్నీ అయ్యాక పద్దుల పుస్తకం ముందేసుకున్నాను. అందులో పాలు, బియ్యం, గ్యాసు, ఫీజులు, మందులు, చదివింపులు, అన్నిటికీ వరుస ఉంది. మిక్సీ, వాషింగ్ మిషన్ కొన్నప్పుడు ‘నీ కోసమే’ అన్నారు. కాదనను, నడుం నొప్పి తగ్గింది. కానీ అవి ఇంటి పని కోసం కొన్నవి, ఇంటి పని నాదైంది కాబట్టి నావయ్యాయి. పని చేయనివి, ఊరికే ఇష్టమైనవి కావాలంటే పోపుల డబ్బాలో దాచుకుని, ఆఖరికి ఆ దాచినది కూడా ఎవరి జ్వరానికో తీసి ఇచ్చేస్తాం. మన కోరికలకు పుస్తకంలో వరుస లేదు. మగవాళ్లకు ఉందా అంటే, ఇక్కడే నేను ఒకటి నేర్చుకున్నాను.

‘కోరికలు’ అని కొత్త వరుస గీసి నా పేరు, స్పీకర్లు, 24,000 అని రాశాను. పుస్తకం బల్ల మీదే వదిలేశాను. రెండు రోజుల తర్వాత దాని కింద మా ఆయన చేతిరాత: ‘గోకర్ణం. సముద్రం.’ ఈయన సముద్రం చూడలేదని నాకు తెలుసు. చూడాలనుందని తెలియదు. ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ అనలేదు. తర్వాత అత్తమ్మను అడిగాను. మొదట, "నాకేం కోరికలు యమ్మా" అంది. నాలుగోసారి అడిగితే, "మంత్రాలయంలో ఒక రాత్రి నిద్ర చేయాలని ఉంది" అంది. మంత్రాలయం మాకు పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే దూరం. ఎన్నిసార్లు వెళ్లినా, ఇంట్లో ఎవరో ఒకరికి వంట చేయాలని, రాత్రికి తిరిగి వచ్చేసేది. ఆమె కోరిక ఖరీదు బస్సు ఛార్జీలు, ఒక గది. నలభై ఏళ్లు దాన్ని నోట్లోనే దాచుకుంది. నా కోరికను ఊరికే వచ్చే పాటతో పోల్చిందని నేను నెల రోజులు మనసులో నొచ్చుకున్నాను. అది పిసినారితనం కాదు. కోరడమే మర్చిపోయిన మనిషి, కోరేవాళ్లను చూసి ఆశ్చర్యపోయింది. అంతే.

చివరికి చీటీ డబ్బు ఇలా పంచాం. ఫీజుకు 28,000. నీళ్ల ట్యాంకుకు 6,000. బండికి 5,000. అత్యవసరానికి 8,000 కదపకూడదు. మిగిలిన 5,000 కోరికల వరుసలోకి. అందులోంచి మొదటి ఖర్చు అత్తమ్మ మంత్రాలయానికి. స్పీకర్లకు నా జాకెట్ల కుట్టుకూలి లోంచి నెలకు 1,200 బ్యాంకులో ఆర్.డి. కడుతున్నాను. 20 నెలలకు 24,000, మీద కాస్త వడ్డీ. మధ్యలో ఎవరికైనా జ్వరం వస్తే 8,000 లోంచి తీస్తాం, దీంట్లోంచి కాదు. ఈ షరతు మా ఆయనే పెట్టారు.

"అంటే చివరికి నువ్వూ వాయిదా వేసుకున్నావు" అని మా చెల్లెలు ఫోన్లో దెప్పింది. నిజమే, వేసుకున్నాను. కానీ నాయన వాయిదాకూ నా వాయిదాకూ తేడా ఉంది. ‘వచ్చే జాతరకు’ అనేది తేదీలా కనిపిస్తుంది గానీ, ఏ జాతరో ఎవరూ రాసిపెట్టలేదు. నా దానికి పాసుపుస్తకం ఉంది, పుస్తకంలో నా పేరుంది, ఇంట్లో అందరికీ తెలుసు. తేదీ ఉన్న ‘తర్వాత’ పొదుపు. తేదీ లేని ‘తర్వాత’ను మనం త్యాగం అని పిలుచుకుంటాం, పిల్లలు కూడా అలాగే పొగుడుతారు. ఆ పొగడ్త నాకు వద్దు. మా అమ్మాయిలూ కోడళ్లూ మన దగ్గర నేర్చుకునేది మన మాటలు కాదు, మన పద్దులే.

మా వాడు మొన్న అడిగాడు, "అమ్మా, స్పీకర్లు వచ్చాక నేనూ వినొచ్చా?" అని. వినొచ్చు, కానీ అవి నావి అని చెప్పాను. అలా అనడానికి కాస్త గొంతు పట్టేసింది, అయినా అన్నాను.

మీ పద్దుల పుస్తకంలో ఆ వరుస ఉందా? లేకపోతే ఈ రాత్రే గీయండి. మొదట మీ పేరు రాయండి. రెండు రోజులు బల్ల మీద వదిలేయండి. దాని కింద ఎవరు ఏం రాస్తారో నాకు కూడా చెప్పండి.